బకెట్ నీళ్లలో కరెంటెంత?

నిన్న రాత్రి కరెంటు పోగానే విసనకర్ర నా చేతిలో పెట్టి, "తాతయ్యా, ఇన్ని నదులున్నాయిగా, మరి కరెంటెందుకు పోతుంది?" అన్నావు చూడు చిట్టీ, నేపాల్ వాళ్లు ఏళ్ల తరబడి తలపట్టుకున్నది ఆ ప్రశ్నకే. నెత్తిన హిమాలయాలు, అడుగడుగునా ఏరు. 1911లోనే ఫర్పింగ్‌లో 500 కిలోవాట్ల జలవిద్యుత్ కేంద్రం పెట్టుకున్నారు. అయినా 2008-09 చలికాలంలో రోజుకు 16 గంటల కోత! ఏ పేటకు ఎప్పుడు వస్తుందో పట్టిక చూసుకుని మోటారు వేసుకోవడం, ఇస్త్రీ చేసుకోవడం.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. పది లీటర్ల బకెట్ మూడు మీటర్ల డాబా మీదికి మోశావనుకో. ఆ నీళ్లు కిందికి వదిలి, రవ్వంత నష్టం లేకుండా కరెంటు తీసినా వచ్చేది 300 జౌల్స్. మన వంటింటి 9 వాట్ల బల్బు అర నిమిషం వెలుగుతుంది. నీ ఆయాసం తగ్గడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది! అందుకే నీళ్లు బాగా ఉండాలి, ఎత్తునుంచి పడాలి, ఆగకుండా పడాలి. సెకనుకు 100 లీటర్ల వాగు పది మీటర్ల ఎత్తునుంచి దూకితే, నష్టాలు పోను 5 కిలోవాట్లు అనుకో. అలాంటి బల్బులు అయిదు వందలకు పైనే.

నేపాల్ కొండ ఊళ్లలో 'ఘట్ట' అని నీటి తిరగలి ఉంటుంది. పగలంతా మొక్కజొన్న విసురుతుంది. కొన్నిచోట్ల చీకటి పడ్డాక దానికే డైనమో తగిలిస్తారు. తిరగలి దీపం పెట్టడం నాకు భలే ముచ్చట.

మరి చీకటెందుకంటావా? కిటుకంతా 'ఆగకుండా' అన్నానే, అందులో ఉంది. అక్కడి కేంద్రాలు చాలావరకు పారే నదిని పారినట్టే వాడుకునేవి. చలికాలంలో వానలుండవు, మంచు కరగదు, నది సన్నబడుతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో హీటర్లు వేస్తారు. దాచుకుందామంటే చెప్పుకోదగ్గ జలాశయం అప్పట్లో కులేఖాని ఒక్కటే.

జనం ఇన్వర్టర్లు కొనుక్కున్నారు. కరెంటు రాగానే ఊళ్లో బ్యాటరీలన్నీ ఒక్కసారే తాగడం మొదలుపెట్టేవి. పైగా బ్యాటరీలోకి వెళ్లి తిరిగొచ్చేసరికి మూడో వంతు దాకా దారిలోనే ఆవిరి. కోతకు విరుగుడనుకున్నది కోతనే పెంచింది.

2016 దీపావళికి కాఠ్మండులో కోతలు ఆగాయి. రాత్రికి రాత్రి కొత్త డ్యామేమీ లేవలేదు. అప్పుడే విద్యుత్ సంస్థ పగ్గాలు పట్టిన కుల్మాన్ ఘీసింగ్, కొన్ని పరిశ్రమలకు ఎడతెగకుండా పోతున్న కరెంటును తగ్గించి ఇళ్లకు మళ్లించారు. కులేఖాని నీళ్లు సాయంత్రం రద్దీకి అట్టేపెట్టారు. తక్కువైంది మన దేశం నుంచి కొన్నారు. నన్నడిగితే సగం జబ్బు నీళ్లలో లేదు, పంపకంలో ఉంది.

2021లో 456 మెగావాట్ల ఎగువ తామాకోశి జలవిద్యుత్ కేంద్రం వచ్చింది. ఆ ఏడాది నుంచే మిగులు కరెంటు మనకు అమ్ముతున్నారు. చలికాలం రాగానే మళ్లీ మన దగ్గరే కొంటున్నారు. వాళ్ల ధల్కేబర్ నుంచి మన ముజఫర్‌పూర్‌కు వేసిన లైను ఒక్కటే, కరెంటు మాత్రం వానల్లో ఇటు వస్తుంది, చలిలో అటు పోతుంది.