గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్ 85 డిగ్రీలు చూపిస్తే భయపడాలా?

మే నెల వచ్చిందంటే చాలు, "అన్నా, గేమ్ ఆడుతుంటే సీపీయూ 85 చూపిస్తోంది, కాలిపోద్దా?" అని అడిగేవాళ్లు ఎక్కువైపోతారు. ఇవాళ ఆ లెక్క ఏటో తేల్చేద్దాం.

ప్రతి ప్రాసెసర్‌కీ తయారుచేసిన కంపెనీయే ఒక లిమిట్ పెడుతుంది. ఇంటెల్ ఐ5-12400కి 100 డిగ్రీలు, రైజెన్ 5 7600కి 95, రైజెన్ 7 7800ఎక్స్3డీకి 89. అక్కడికి చేరగానే చిప్ కాలిపోదు, తన స్పీడ్ తానే తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఎండలో ఫోన్‌లో గేమ్ ఆడితే కాసేపటికి ల్యాగ్ మొదలవుద్ది కదా, ఇదీ అలాంటిదే.

ఇప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం ఎండల సంగతి. మామూలు ఫ్యాన్ కూలర్ గదిలో ఉన్న గాలినే వాడుకుంటుంది. గది కన్నా చల్లగా చెయ్యడం దాని వల్ల కాదు. డిసెంబర్‌లో గది 25 ఉన్నప్పుడు గేమ్‌లో 73 వచ్చిందనుకోండి. మేలో అదే గది 37 అయితే, అదే గేమ్‌కి దాదాపు 85 వస్తుంది. పీసీ పాడవలేదు, గది 12 డిగ్రీలు వేడెక్కింది, అంతే. దీనికే కంగారుపడి ఇంట్లో డబ్బులు అడిగి కొత్త కూలర్ కొనక్కర్లేదు.

అందుకే సీపీయూ వేడిలోంచి గది వేడి తీసేసి చూడండి. పై లెక్కలో రెండుసార్లూ తేడా 48. అదే గేమ్‌కి, అవే సెట్టింగ్స్‌లో ఆ తేడా 60 అయిందంటే ఎక్కడో సమస్య ఉన్నట్టే. దుమ్ము పట్టిందా, థర్మల్ పేస్ట్ ఎండిపోయిందా, ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందా చూడండి.

డెస్క్‌టాప్‌లో లిమిట్‌కి 10 డిగ్రీలు కింద ఉంటే నిశ్చింతగా ఆడుకోండి. లిమిట్ తగులుతూ ఎఫ్‌పీఎస్ పడిపోతుంటే పట్టించుకోండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో 90 దాటడం మామూలే.

ఖర్చు లేని పనులు ముందు చెయ్యండి. క్యాబినెట్‌ని టేబుల్ అరలోంచి బయటికి తీసి, గోడకి కాస్త దూరంగా పెట్టండి. పీసీ ఆపి, ప్లగ్ తీసి దుమ్ము దులపండి. గేమ్‌లో ఎఫ్‌పీఎస్‌ని 60కి కట్టెయ్యండి.

ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. నీళ్లు పోసే ఎయిర్ కూలర్‌ని క్యాబినెట్ వైపు తిప్పకండి. ముఖ్యంగా కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి ఈ తేమ కూడా తోడైతే లోపల తుప్పు పడుతుంది. వేడికి చిప్ తనని తాను కాపాడుకుంటుంది గానీ, తుప్పు నుంచి కాపాడుకోలేదు.