గాలికి కాపలా కాసే రింగు

పదిహేను వందల సార్లు పంపు కొట్టాలి. 18వ శతాబ్దం చివర్లో ఆస్ట్రియా సైనికుడి చేతికొచ్చిన గిరాందోనీ గాలి తుపాకీలో గాలి పూర్తిగా నింపడానికి పట్టే శ్రమ అది. టైరోల్ ప్రాంతానికి చెందిన బార్తలోమియో గిరాందోనీ తయారుచేసిన ఈ తుపాకీని ఆస్ట్రియా సైన్యం 1780 ప్రాంతంలో తీసుకుంది. భుజానికి ఆనించుకునే మడమ భాగమే ఇనుప గాలిసీసా. పొగ రాదు, పెద్ద చప్పుడు ఉండదు. పక్కనే గొట్టంలో ఇరవై గుండ్లు వరుసగా సిద్ధంగా ఉంటాయి. మామూలు తుపాకీవాడు మందు దట్టించి రెండో గుండు పేల్చేలోపు ఇతను నాలుగైదు పేల్చేయగలడు. ఇంత గొప్ప ఆయుధాన్ని ఆ సైన్యం నాలుగు దశాబ్దాలైనా నిలుపుకోలేకపోయింది. కారణాలు చాలానే ఉన్నాయి, వాటిలో ఒకటి తోలు. సీసాను తుపాకీకి బిగించే చోట గాలి పోకుండా పెట్టిన తోలు వాషర్లు ఎండితే గాలి ఆగదు. వాటిని ఎప్పుడూ తడిగా ఉంచుకోవాలి. యుద్ధభూమిలో అదో అదనపు చాకిరీ.

అమెరికా పడమటి తీరానికి దారి వెతుకుతూ 1803లో బయల్దేరిన మెరివెదర్ లూయిస్ కూడా ఒక గాలి తుపాకీ వెంట తీసుకెళ్లాడు. అది గిరాందోనీ రకమేనని ఇప్పుడు చాలామంది చరిత్రకారులు నమ్ముతున్నారు. దారిలో ఎదురైన తెగల ముందు దాన్ని పేల్చి చూపించేవాడు. మందూ నిప్పూ లేకుండా గుండు దూసుకెళ్లడం చూసినవాళ్లు నివ్వెరపోయేవారు.

గాలి తుపాకీ గురించి రాసేవాళ్లు బారెల్ గురించి, గురి గురించి ఎక్కువ రాస్తారు. నాకు మాత్రం దీని అసలు చరిత్ర సీలు చరిత్రే అనిపిస్తుంది. గాలిని నొక్కిపెట్టడం ఎవరైనా చేస్తారు. వదలమన్నప్పటిదాకా దాన్ని ఆపి ఉంచడంలోనే ఉంది పనంతా.

తోలును తీసిపారేయడానికి లేదు. సైకిల్ పంపులో, కిరోసిన్ పంపు స్టవ్‌లో తోలు వాషర్ మనవాళ్లకు బాగా తెలిసిందే. ఎండిపోయి పంపు ఎక్కకపోతే ఒక చుక్క నూనె వేసి, అంచులు వేలితో విప్పి మళ్లీ పెట్టేవాళ్లం. గిన్నె ఆకారంలో ఉన్న ఆ తోలు గాలి ఒత్తిడికి అంచులు విచ్చుకుని గొట్టం గోడకు అంటుకుంటుంది. లింకన్ జెఫరీస్ రూపకల్పనతో బర్మింగ్‌హామ్‌లోని బీఎస్‌ఏ కంపెనీ 1905 నుంచి తయారుచేసిన స్ప్రింగు ఎయిర్ రైఫిళ్లలోనూ పిస్టన్ తలకు ఉండేది ఇలాంటి తోలే. గాలిని ముందుగా నింపి పెట్టుకునే పని వాటిలో లేదు. ట్రిగ్గర్ నొక్కగానే బిగిసి ఉన్న స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, దాని ముందున్న గాలి క్షణంలో నలిగి వేడెక్కి పెల్లెట్‌ను నెట్టేస్తుంది. తోలు ఈ దెబ్బలను ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. దాని బలహీనత నూనె దాహం. పొడిబారితే గాలి జారిపోతుంది. ఎక్కువ పోస్తే ఆ వేడికి నూనె ఆవిరి డీజిల్ ఇంజన్‌లోలాగే అంటుకుని ఢామ్మని పేలుతుంది. సీలు, స్ప్రింగు రెండూ దెబ్బతింటాయి.

తరవాత తోలు స్థానంలోకి సింథటిక్ సీళ్లు వచ్చాయి. పల్చటి పెదవితో ఉండే వీటిని పారాచ్యూట్ సీళ్లంటారు. నూనె అక్కర్లేదు, ప్రతి గుండూ ఒకే వేగంతో వెళ్తుంది. అయితే ప్లాస్టిక్‌కూ ఆయుష్షుంది. జర్మనీలో తయారై 1970లలో ఎంతో పేరు తెచ్చుకున్న ఫీన్‌వెర్క్‌బావ్ 124 రైఫిల్‌లో మొదట్లో వాడిన సీలు, తుపాకీ బీరువాలో ఊరికే ఉన్నా కాలక్రమేణా పొడిపొడిగా రాలిపోయేది. పాత 124 కొన్నవాళ్లు మొదట చేసే పని విప్పి ఆ పిండిని తుడిచి కొత్త సీలు వేయడం. పాత బీఎస్‌ఏ తోలు మాత్రం నూనె తాగి మళ్లీ లేచి కూర్చుంటుంది.

ఇక అసలు కథానాయకుడి దగ్గరికి వద్దాం. నీల్స్ క్రిస్టెన్‌సెన్ 1865లో డెన్మార్క్‌లో పుట్టి, 1891లో అమెరికా చేరిన ఇంజనీరు. ట్రామ్ బండ్లకు గాలి బ్రేకులు కనిపెట్టిన మనిషి కాబట్టి, గాలి ఎక్కడెక్కడ జారిపోతుందో ఆయనకు బాగా తెలుసు. 1930లలో, అందరూ విశ్రాంతి తీసుకునే వయసులో, పిస్టన్ చుట్టూ గాడి తీసి అందులో ఒక గుండ్రటి రబ్బరు రింగు, అంటే ఓ-రింగ్, వేసి చూశాడు. గాడి రింగు మందం కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. అంతే. ఆ కొంచెం ఖాళీలోనే ఉంది కిటుకంతా. 1937లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు, 1939 నవంబరులో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 74. విమానాల చక్రాలను పైకి లేపే హైడ్రాలిక్ సిలిండర్లలో ఈ రింగు అద్భుతంగా పనిచేస్తుందని అమెరికా సైన్యం పరీక్షల్లో తేలింది. ఇంతలో రెండో ప్రపంచయుద్ధం. ప్రభుత్వం ఆ పేటెంట్ హక్కులు తీసుకుని కంపెనీలన్నిటికీ తెరిచిపెట్టింది. క్రిస్టెన్‌సెన్ చేతికి ముట్టింది 75,000 డాలర్లు. 1952లో ఆయన పోయాడు. ఆ హక్కుల మీద నడిచిన దావా తేలి 1971లో వారసులకు మరో లక్ష డాలర్లు వచ్చేసరికి ప్రపంచంలో ఓ-రింగ్ లేని యంత్రాన్ని వెతుక్కోవాల్సిన పరిస్థితి.

ఇది ఎలా పనిచేస్తుందంటే, రింగును గాడిలో కొంచెం నొక్కి బిగిస్తారు, ఆ నొక్కుడు తొలి కాపలా. గాలి ఒత్తిడి వచ్చాక రింగు గాడిలో అవతలి గోడవైపు జరిగి, అక్కడ సందుకు అడ్డంగా ఒత్తుకుంటుంది. ఒత్తిడి పెరిగే కొద్దీ ఇంకా గట్టిగా. దాడి చేసేవాడి బలంతోనే తలుపు బిగించడమన్నమాట. అందుకే ఇప్పటి పోటీ రైఫిళ్లలో 200 బార్ గాలిని, అంటే చదరపు సెంటీమీటరు మీద సుమారు 200 కిలోల బరువును, చిటికెన వేలి గోరంత రింగులు నెలల తరబడి ఆపగలుగుతున్నాయి. లండన్‌లో 2012లో హైదరాబాదీ గగన్ నారంగ్ కంచు పతకం గెల్చుకున్న 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. గుండుకూ గుండుకూ వేగం మారితే ఆ చుక్క దొరకదు. బారెల్ వెనక కొస దగ్గరి రింగు నలిగితే మారేది ఆ వేగమే.

రింగులు నల్లగా ఒకేలా కనిపించినా జాతులు వేరు. సాధారణంగా వాడేది నైట్రైల్ రబ్బరు, 1930లో జర్మనీలో పుట్టింది. నూనెలను తట్టుకుంటుంది కానీ ఎండకూ ఓజోన్‌కూ పగుళ్లిస్తుంది. సీసాలో బొగ్గుపులుసు వాయువు నింపే తుపాకుల్లో ఆ వాయువు రబ్బరులోకి ఇంకి రింగును ఉబ్బిస్తుంది, ఒత్తిడి తీసేశాక రింగు గాడిలో ఇమడదు. అక్కడ పాలీయురిథేన్ నయం. చలికి రబ్బరు మొండికేస్తుంది. చాలెంజర్ అంతరిక్ష నౌక 1986 జనవరి 28 ఉదయం సుమారు 2 డిగ్రీల చలిలో బయల్దేరింది, బూస్టర్ రాకెట్ ఓ-రింగులు సమయానికి సందు మూయలేకపోయాయి. నౌక పేలిపోయిన ఆ ప్రమాదంపై జరిగిన విచారణలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ రబ్బరు ముక్కను బిగించి మంచునీళ్లలో ముంచి, అది వెంటనే తిరిగి లేవకపోవడం అందరికీ చూపించాడు.

మన ఊళ్లలో ఆ చలి బెడద తక్కువే, ఎండ బెడద ఎక్కువ. మిట్ట మధ్యాహ్నం 35 డిగ్రీల్లో 200 బార్ చూపిన మీటరు, గది 20 డిగ్రీలకు చల్లబడితే లీకేమీ లేకుండానే 190 చూపుతుంది. ఇది తెలియక కంగారుపడి మంచి సీళ్లు విప్పేసేవాళ్లున్నారు. నిజంగా లీకుంటే సబ్బు నీళ్లు పూసి చూడాలి, బుడగలు చెప్పేస్తాయి.

విప్పే ముందు గాలి పూర్తిగా తీసేయాలి. మీటరు సున్నా చూపడం సరిపోదు, పెల్లెట్ లేకుండా సురక్షితమైన వైపు గురిపెట్టి రెండుసార్లు నొక్కి చూడాలి. స్ప్రింగు రైఫిల్‌లో మాత్రం ఇలా ఖాళీగా పేల్చకూడదు, పెల్లెట్ అడ్డం లేని పిస్టన్ ముందు గోడను దబ్బున కొడుతుంది. దాన్ని విప్పాలంటే స్ప్రింగును పట్టి ఉంచే ప్రెస్ లేకుండా ముట్టుకోకపోవడమే మంచిది. పాత రింగును సూదితో, స్క్రూడ్రైవర్‌తో పీకితే గాడిలో గీత పడుతుంది, ఎంత ఖరీదైన రింగేసినా ఆ గీతలోంచి గాలి పోతుంది. చెక్క పుల్లో, ప్లాస్టిక్ కొక్కెమో వాడాలి. కొత్తది కొనేముందు లోపలి వ్యాసం, మందం రెండూ కొలవాలి, పాత రింగు నొక్కుకుపోయి ఉంటుంది కనుక గాడినీ కొలవడం నయం. తర్వాత సిలికాన్ గ్రీజు పల్చటి పొర. మోటారు నూనె, వంటింటి నూనె లాంటివి అధిక పీడన గాలి దగ్గరికి రానీయకూడదు. సిలికాన్ రబ్బరు రింగులకు మాత్రం సిలికాన్ గ్రీజు పనికిరాదు, ఉబ్బిస్తుంది.

సీళ్లు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గాలి సిలిండరు మీద చెక్కిన గడువు తేదీ మాత్రం మారదు. అంతర్జాతీయ పోటీల నిబంధనల ప్రకారం దానికి పూచీ షూటర్‌దే.