పుట్టినింటి పేరు, మెట్టినింటి పేరు

వంశవృక్షము వ్రాయబూనినప్పుడు మగవారి పేర్లు మనకు సులభముగనే లభించును. తండ్రి, తాత, ముత్తాత అందరికిని ఇంటిపేరొకటే. చిక్కెల్ల ఆడువారి విషయముననే. వివాహముతో ఆమె యింటిపేరు మారును, గోత్రమును మారును. ముత్తవ్వ ఏ యింటి ఆడపడుచో తెలియనినాడు వంశములో సగము మనకు మరుగుపడినట్లే.

ప్రసిద్ధుల విషయమే చూతము. ‘శారద లేఖలు’ వ్రాసిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1896లో బాపట్లలో పాలపర్తివారింట జన్మించిరి. కనుపర్తివారిలో వెదకినచో ఆమె తండ్రి కానరారు. రాజ్యాంగ పరిషత్తు చర్చలలో జి. దుర్గాబాయి యను పేర కనిపించువారే 1953లో వివాహానంతరము దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయిరి.

మేనరికములలో చిక్కు మరియొక తీరు. మేనమామను పెండ్లాడిన పిల్లకు తల్లి పుట్టినింటి పేరే మెట్టినింటి పేరగును. ఆ పిల్లకు అమ్మమ్మ పేరే పెట్టియున్నచో, అమ్మమ్మయు మనుమరాలును పేరునను ఇంటిపేరునను ఒక్కటే యగుదురు. దస్తావేజులో ఆ పేరు కనబడగానే ఎవరని నిర్ణయింతుము? భర్త పేరు, తండ్రి పేరు, పత్రము తేదీ, ఈ మూడును కలిపి చూచినగాని తేలదు.

రెండిండ్లను ముడివేయు ఆధారములు మన యిండ్లలోనే కలవు. పాత శుభలేఖలో వధూవరుల తండ్రుల పేర్లు రెండును ఉండును. పసుపుకుంకుమల క్రింద భూమి నిచ్చిన దానపత్రములో తండ్రి తన కుమార్తెను ఫలానావారి భార్యయని పేర్కొనును. తర్పణములు విడుచువారు మాతామహునితో మొదలిడి మూడు తరముల పేర్లు గోత్రముతోగూడ చెప్పుదురు.

ఇది వేడుకకు మాత్రమే కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కుమార్తెకు తండ్రి ఆస్తిలో హక్కు నిచ్చినది. ఆ హక్కు కోరునప్పుడు పాత పత్రములలోని పేరును, నేటి పేరును ఒక్కరివేయని ఋజువు చేయవలసి రావచ్చును.

కావున వంశవృక్షములో ప్రతి స్త్రీ పేరునకును ముందు పుట్టినింటి పేరును, పిదప మెట్టినింటి పేరును, పుట్టిన యూరును, తండ్రి పేరును వ్రాయుదము. తెలియని చోట ఊహించి పూరింపక ఖాళీగా విడుతము. ఇంటిలో పెద్దవారుండగనే వారి నడిగి తెలిసికొందము. శుభలేఖలు పోయినను అవ్వ నోటిమాట చాలసార్లు దారి చూపును. ఆ మాటను నేడే కాగితముపై నుంచుట మన పని.