అండాశయాలు – గుండె ధమనులు

రెండేండ్లకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమికి ములుగు జిల్లాలోని మేడారం గ్రామానికి లక్షలాది జనం వస్తారు. సమ్మక్క, సారలమ్మల గద్దెలకు బెల్లాన్ని ‘బంగారం’ అని సమర్పిస్తారు. తలమీద ఆ బెల్లం మోసుకొనివచ్చే స్త్రీలలో గర్భసంచి ఆపరేషన్ అయినవారు ఎందరో ఉంటారు. తెలంగాణలో 15 – 49 ఏండ్ల మధ్య స్త్రీలలో నూటికి ఎనిమిదిమందికి గర్భసంచి తొలగించినట్లు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి ఇంతకన్న మెరుగు కాదు. దేశం మొత్తానికి ఈ సంఖ్య నూటికి మూడు మాత్రమే.

గర్భసంచికీ గుండెకూ సంబంధమేమిటని విద్యార్థులు అడుగవచ్చు. గర్భసంచికి ఇరుప్రక్కల ఉన్న అండాశయాలే ఆ సంబంధానికి మూలం.

గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాలను హృదయ ధమనులు అంటారు. వయస్సుతోపాటు వీటి లోపలి పొరలో కొలెస్టరాల్ చేరి, గోడ మందమై, దారి ఇరుకవుతుంది. ఆ పొర చిట్లినచోట రక్తం గడ్డకట్టి దారి మూసుకొనిపోతే గుండెపోటు వస్తుంది. ఈ వ్యాధి పురుషులకన్న స్త్రీలకు సుమారు పదేండ్లు ఆలస్యంగా వస్తుంది. కారణమేమి?

యవ్వనారంభంలో మగపిల్లల శరీరంలో టెస్టోస్టెరాన్ అనే హార్మోను పెరుగుతుంది. అప్పుడు, ధమనుల నుండి కొలెస్టరాల్‌ను కాలేయానికి చేరవేసే హెచ్.డి.ఎల్. వారి రక్తంలో తగ్గుతుంది. ఆడపిల్లలలో ఇట్లు జరుగదు. పైగా అండాశయాలు స్రవించే ఈస్ట్రోజెన్ రెండు పనులు చేస్తుంది. ధమనులకు హాని చేసే ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్‌ను రక్తం నుండి ఎక్కువగా తీసివేసేటట్లు కాలేయాన్ని ప్రేరేపిస్తుంది. ధమని లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడును పెంచి నాళం సులభంగా వ్యాకోచించేటట్లు చేస్తుంది. మన దేశపు స్త్రీలకు సాధారణంగా 46, 47 ఏండ్ల ప్రాంతంలో ముట్లుడుగుతవి. అప్పటినుండి ఈ రక్షణ తగ్గిపోతుంది. మధుమేహం, పొగత్రాగుట ఉన్నచో అంతకు ముందే సన్నగిల్లుతుంది.

అట్లయితే ఈస్ట్రోజెన్‌ను మందుగా ఇస్తే సరిపోదా? ఈ ఆలోచన శాస్త్రజ్ఞులకూ వచ్చింది. 1966లో అమెరికాలో మొదలైన ఒక పరిశోధనలో, ఒకసారి గుండెపోటు వచ్చిన పురుషులకు దానిని ఇచ్చి చూశారు. గుండెపోట్లు తగ్గుటకు బదులు పెరిగినందున 1970లో పెద్ద మోతాదును నిలిపివేశారు. తరువాత 50 – 79 ఏండ్ల స్త్రీలు 16,608 మందిపై ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రలను పరీక్షించారు. గుండెజబ్బు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపించినందున 2002లో దానినీ ఆపివేశారు. అయితే 2016లో వెలువడిన మరొక పరిశోధనలో, ముట్లుడిగిన ఆరేండ్లలోపు ఈస్ట్రోజెన్ మొదలుపెట్టిన స్త్రీలకు మెడ ధమని మందమగుట నెమ్మదించింది. పదేండ్లు దాటిన తరువాత మొదలుపెట్టినవారికి ఫలితం లేదు. ఆరోగ్యంగా ఉన్న ధమనిని కాపాడే హార్మోను, అప్పటికే చెడిన ధమనిని బాగుచేయలేకపోవచ్చునని దీనివలన ఊహించవచ్చు. మాత్రగా తీసికొన్న ఈస్ట్రోజెన్‌కు రక్తాన్ని గడ్డకట్టించే గుణం కూడా ఉన్నది.

కనుక శరీరం తనంతట తాను తయారుచేసుకొనే హార్మోనుకు మాత్ర సాటి కాదు. చిన్న వయస్సులో రెండు అండాశయాలనూ తీసివేస్తే, ముట్లుడుగుట ఒక్కరోజులో వచ్చినట్లే. అమెరికా నర్సులపై 1987లో వెలువడిన పరిశోధనలో, అట్లు తీసివేయించుకొని హార్మోను వాడనివారికి గుండెజబ్బు అపాయం సుమారు రెండింతలు ఉన్నట్లు కనిపించింది. గర్భసంచిని మాత్రమే తొలగించినా, అండాశయాలు కొన్నేండ్ల ముందుగా పని మానవచ్చు.

క్యాన్సర్, అదుపుకాని రక్తస్రావం వంటి సందర్భాలలో ఈ ఆపరేషన్ ప్రాణరక్షకమే. కాని ఆపరేషన్‌కు ముందు ప్రతి స్త్రీ వైద్యుని రెండు ప్రశ్నలు అడుగవలె: వేరే చికిత్స లేదా? అండాశయాలను ఉంచవచ్చునా? ఇదివరకే ఆపరేషన్ అయినవారు రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలను క్రమంగా చేయించుకోవలె.

ఉపాధ్యాయులు ఈ సంగతి తరగతిలో చెప్పితే అది విద్యార్థుల ద్వారా ఇంటికి చేరుతుంది. గుండెపోటులో స్త్రీలకు ఛాతీనొప్పితో పాటు, ఒక్కొక్కప్పుడు అది లేకుండానే, ఆయాసం, వాంతి, దవడనొప్పి, విపరీతమైన నీరసం కలుగవచ్చు. జాతర నడకలో అమ్మకు ఇట్టివి కనిపిస్తే, ఎండకు అలసిందని ఊరుకొనక వెంటనే వైద్యశిబిరానికి తీసికొనిపోవలె.