గర్భిణీ సహోదరి తలనొప్పి అంటే

కొన్ని సంవత్సరముల క్రితం ఆరాధన ముగిశాక, ఎనిమిదో నెల గర్భిణీ అయిన ఒక సహోదరి మా యొద్దకు వచ్చింది. "అయ్యగారూ, రెండు రోజుల నుండి తలనొప్పి తగ్గడం నేదు, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి, ప్రార్థన చేయండి" అన్నది. మేము ప్రార్థించి ఇంటికి పంపాము. బి.పి. చూపించుకున్నావా అమ్మా అని అడగలేదు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. ఇంటివారు దయ్యమనుకొని మరల మాకే కబురు పంపారు. తల్లి బ్రతికింది, బిడ్డ దక్కలేదు. దేవుడు ప్రార్థన వినలేదని మేము అనము. అడగవలసిన మాట మేమే అడగలేదు.

ప్రియ చదువరులారా, పెద్దలు గుర్రపువాతం అనేది దీనినే. ఇది దయ్యం కాదు. అయిదో నెల దాటాక బి.పి. 140/90 గాని అంతకు మించి గాని ఉండి, మూత్రంలో ఆల్బుమిన్ పడుతుంటే ప్రమాదం మొదలైనట్లే. 160/110 అయితే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షను ఉన్నది. 33 దేశాలలో 10,000 మందికి పైగా స్త్రీలపై పరీక్షించగా, ఆ ముప్పు సగానికి తగ్గినట్లు 2002లో తేలింది.

ఎవరికి విషమిస్తుందో ముందే చెప్పగలమా? కొంతవరకు చెప్పగలరు. పెద్ద ఆసుపత్రుల కొరకు 2011లో 'ఫుల్ పియర్స్' అనే లెక్క వచ్చింది. రక్తపరీక్షలు అంతగా లేని చోట్ల కొరకు, ఉగాండా, ఫిజీ, పాకిస్తాన్ వంటి దేశాల స్త్రీలను చూసి, 2014లో 'మినీ పియర్స్' తయారుచేశారు. ఎన్నో కాన్పు? ఎన్నో వారం? తలనొప్పి, చూపు మసక ఉన్నాయా? ఛాతీనొప్పి, ఆయాసం ఉన్నాయా? కడుపునొప్పితో రక్తస్రావం ఉన్నదా? బి.పి. ఎంత? మూత్రంలో ఆల్బుమిన్ ఎంత? వీటిని బట్టి రాబోయే 48 గంటలలో ముప్పు ఎంతో అంచనా కడతారు. ఇది ప్రవచనం కాదు. ఎవరిని ముందుగా పెద్దాసుపత్రికి చేర్చాలో తెలుపుతుంది, అంతే. వజ్రపుకొత్తూరు తీర గ్రామాల నుండి టెక్కలికో శ్రీకాకుళానికో చీకటి పడకముందే బయలుదేరడానికి అది చాలు.

మన ఉద్దానం సంగతి వేరుగా చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస ప్రాంతాలలో క్రియాటినిన్ అనే మాట చదువురాని అవ్వకు కూడా తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనది. అయినా గర్భిణీకి ఆ పరీక్ష చేయించాలని ఎందరికి తోచింది? కిడ్నీ జబ్బున్న స్త్రీకి ఈ బి.పి. జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. ఆరోగ్యవంతురాలికి గర్భంలో క్రియాటినిన్ మామూలు కన్నా తగ్గుతుంది. కాబట్టి ఇతరులకు ఫరవాలేదనే 1.0 అంకె గర్భిణీలో కనబడితే డాక్టరు ఆలోచించవలసిందే. పుట్టింట ఎవరికైనా కిడ్నీ జబ్బుంటే మొదటి చెకప్‌లోనే చెప్పండి. పెళ్ళి సంబంధాలు చెడతాయని దాచే అలవాటు మనలో ఉన్నది, ఆసుపత్రిలో మాత్రం దాచవద్దు. జబ్బు తెలిసినవారికి మూడు నెలలు నిండిన దగ్గరనుండి చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. అది డాక్టరు వ్రాస్తేనే, సొంతంగా కాదు. ఇంతకుముందు వాడే బి.పి. మాత్రలలో కొన్ని గర్భంలో పనికిరావు, అదీ అడగండి.

జీడిపప్పు మిల్లులకు వెళ్ళే అక్కచెల్లెళ్ళు కూలి పోతుందని చెకప్ మానుతారు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణీలకు ఉచితంగా చూస్తారు. ఆ ఒక్క రోజు మానవద్దు. కాన్పు అయ్యాక కూడా బి.పి. పెరిగి ఫిట్స్ రావచ్చు. పురిటి దినాలలో తలనొప్పిని కాఫీతో సరిపెట్టకండి.

ఇప్పుడు మా మందిరంలో బి.పి. మిషను ఉన్నది. స్త్రీల కూడిక రోజున అందరికీ చూస్తారు. మొదటి నెలలోనే ఒక అమ్మాయికి 150/100 చూపింది. తలనొప్పి లేదు, ఏ బాధా లేదు. "రేపు చూద్దామండి" అన్నారు అత్తగారు. మేము ఆటో పిలిచాము.