సహాధ్యాయుల ప్రసంగాల ద్వారా వక్తృత్వ శిక్షణ

సహాధ్యాయుల ప్రసంగాల ద్వారా వక్తృత్వ శిక్షణ అనగా, ఒక తరగతిలోని విద్యార్థులు వంతులవారీగా తోటివారి ఎదుట ప్రసంగించి, ఒకరి ప్రసంగాన్ని మరొకరు శ్రద్ధగా విని, దానిలోని గుణదోషాలను చర్చించుకుంటూ సభలో మాట్లాడే కళను అభ్యసించే పద్ధతి. 40 మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరు ఒక్కొక్కసారి మాట్లాడితే, ప్రతి విద్యార్థీ ఒకసారి వక్త అవుతాడు, 39 సార్లు శ్రోత అవుతాడు. అందువలన ఈ పద్ధతిలో అభ్యాసం అధికభాగం వినటంలోనే జరుగుతుంది. వినటం సరిగా నేర్పని తరగతిలో ఎన్ని ప్రసంగాలు జరిగినా ప్రయోజనం స్వల్పమే.

చరిత్ర

బాగా పలకటం, చదవటం గురించిన నియమాలు భారతదేశంలో అతి ప్రాచీనమైనవి. వేదాంగాలలో మొదటిదిగా చెప్పబడే శిక్షాశాస్త్రం ఉచ్చారణకు సంబంధించినది. ఆ శాస్త్రానికి చెందిన పాణినీయ శిక్షలో అధమ పాఠకుని లక్షణాలు ఆరు చెప్పబడినవి: రాగం తీస్తూ చదవటం, తొందరపడి చదవటం, తల ఊపుతూ చదవటం, వ్రాసినదానిని చూసి చదవటం, అర్థం తెలియకుండా చదవటం, హీనస్వరంతో చదవటం. ఉత్తమ పాఠకుని గుణాలు కూడా ఆరే: మాధుర్యం, అక్షరాల స్పష్టత, పదాల విరుపు, మంచి స్వరం, ధైర్యం, లయజ్ఞానం. ఇవి పఠనానికి చెప్పినవే అయినా నేటి తరగతి గది ప్రసంగాలకు కూడా చక్కగా వర్తిస్తాయి.

ప్రాచీన గ్రీకు, రోమన్ విద్యలో వక్తృత్వానికి ప్రధాన స్థానం ఉండేది. వక్త శీలం, శ్రోతల భావోద్వేగం, తర్కం అనే మూడు సాధనాల ద్వారా వక్త శ్రోతలను ఒప్పిస్తాడని అరిస్టాటిల్ వివరించాడు. రోములో బోధించిన క్వింటీలియన్ క్రీ.శ. మొదటి శతాబ్దం చివరలో 12 భాగాలుగా వ్రాసిన వక్తృత్వ విద్యాగ్రంథంలో, బాలునికి ఇంటివద్ద ఒంటరిగా చదువు చెప్పించటం మేలా, బడికి పంపటం మేలా అన్న ప్రశ్నను చర్చించాడు. ఇంటివద్ద బాలుడు తనకు చెప్పినదే నేర్చుకుంటాడు. బడిలో మాత్రం ఇతరులకు చెప్పినది కూడా నేర్చుకుంటాడు. తోటివారి తప్పులు దిద్దబడటం, వారి శ్రమ మెప్పు పొందటం ప్రతిదినం చూస్తాడు. ఈ కారణాలతో క్వింటీలియన్ బడినే సమర్థించాడు. సహాధ్యాయుల ద్వారా నేర్చుకొనే పద్ధతికి ఇది మూలసూత్రం వంటిది.

ఆధునిక కాలంలో విద్యార్థులే నడుపుకొనే చర్చాసంఘాలు ఈ పద్ధతిని కొనసాగించాయి. ఇంగ్లాండులో కేంబ్రిడ్జి యూనియన్ 1815లోను, ఆక్స్‌ఫర్డ్ యూనియన్ 1823లోను ఏర్పడ్డాయి. తరువాతి కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లో అక్కడి యూనియన్‌కు ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం శాంటా ఆనా పట్టణంలో 1924లో రాల్ఫ్ స్మెడ్లీ ప్రారంభించిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులలో వేతనం పుచ్చుకొనే గురువు ఉండడు. ఒక సభ్యుడు మాట్లాడితే మరొక సభ్యుడు దానిని సమీక్షిస్తాడు. ఇంకొకరు సమయం చూస్తారు, వేరొకరు ఊతపదాలను లెక్కిస్తారు. ఈ క్లబ్బులు హైదరాబాదుతో సహా అనేక భారతీయ నగరాలలో ఉన్నాయి.

సభాకంపం

నలుగురి ఎదుట నిలబడగానే గుండె దడదడలాడటం, నోరు ఎండిపోవటం, కాళ్ళు వణకటం, కంఠస్థం చేసినది మరచిపోవటం మొదలైనవాటిని సభాకంపం లేక సభాపిరికితనం అంటారు. ఇది బుద్ధిమాంద్యానికి గుర్తు కాదు. లండనులో శాకాహార సంఘం సమావేశంలో తాను వ్రాసుకున్నది కూడా చదవలేకపోయినట్లు, బొంబాయి కోర్టులో తొలి కేసులో ప్రశ్నలు అడగలేక కూర్చుండిపోయినట్లు మహాత్మా గాంధీ ఆత్మకథలో వ్రాసుకున్నాడు. 1893లో ప్రిటోరియాలోని భారతీయుల సమావేశంలో వ్యాపారంలో సత్యం గురించి మాట్లాడినదే తన జీవితంలో మొదటి ప్రసంగమని చెప్పవచ్చునని కూడా పేర్కొన్నాడు. ఆ సమావేశానికి విషయాన్ని బాగా సిద్ధం చేసుకొని వెళ్ళినట్లు తెలిపాడు.

తన కంపం సభలో అందరికీ కనిపిస్తున్నదని వక్త అనుకుంటాడు. నిజానికి అది శ్రోతలకు అంతగా కనిపించదు. కెన్నెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రకటించిన పరిశోధనలో, వక్తలు తమ కంగారును శ్రోతలు గమనించిన దానికంటే ఎక్కువగా అంచనా వేసుకున్నారని తేలింది. ఈ సంగతి ముందుగా తెలిపినపుడు వక్తలు మరింత బాగా మాట్లాడారు. తరగతిలో వంతులవారీ ప్రసంగాలు జరిగినపుడు విద్యార్థి ఈ సత్యాన్ని స్వయంగా గ్రహిస్తాడు. ఎంతో నిబ్బరంగా మాట్లాడినట్లు కనిపించిన మిత్రుడు కూర్చున్న తరువాత "నా చేతులు చల్లబడిపోయాయి" అని చెబితే, భయం తన ఒక్కనిదే కాదని తెలుస్తుంది.

వినేటప్పుడు గమనించవలసిన అంశాలు

సొంత ప్రసంగంలోని దోషం మాట్లాడేవానికి తెలియటం కష్టం. అదే దోషం ఎదుటివానిలో వెంటనే కనిపిస్తుంది. విద్యార్థులు వినేటప్పుడు ఈ క్రింది అంశాలను గమనించవచ్చును.

* ఆరంభం: వేదికపై ఉన్నవారందరినీ పేరుపేరునా సంబోధించి నమస్కారాలు చెప్పటం పెద్ద సభలలో మర్యాద. మూడు నిమిషాల తరగతి ప్రసంగంలో అర నిమిషం దానికే పోతే విషయానికి చోటు తగ్గుతుంది. వరుసగా పదిమంది ఒకే విధంగా ఆరంభిస్తే, పదకొండవ విద్యార్థి క్లుప్తత అవసరాన్ని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటాడు.
* ప్రధాన విషయం: ప్రసంగం ముగిశాక దాని సారాన్ని శ్రోత ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే వక్త చాలా సంగతులను కలగలిపి ఉండవచ్చును.
* ఉదాహరణలు: నీటి పొదుపు గురించి పుస్తకంలోని వాక్యాలను అప్పగించిన విద్యార్థి కంటే, తమ ఊరి చెరువు పూడిపోయిన తరువాత బావులు ఎలా ఎండిపోయాయో చెప్పిన విద్యార్థి మాటలే శ్రోతలకు గుర్తుంటాయి.
* కంఠస్వరం: చివరి బల్లపై కూర్చున్నవారికి వినబడాలి. అరవవలసిన పని లేదు. వాక్యం చివర గొంతు తగ్గిపోకుండా చూసుకుంటే చాలును. తెలుగులో క్రియ సాధారణంగా వాక్యాంతంలో వస్తుంది గనుక చివరి మాట వినబడకపోతే చేశారో చేయలేదో కూడా తెలియదు.
* వేగం, విరామం: భయం వలన వేగం పెరుగుతుంది. ముఖ్యమైన మాట తరువాత క్షణకాలం ఆగటం శ్రోతకు ఆలోచించుకొనే వ్యవధినిస్తుంది.
* ఊతపదాలు: "అంటే", "మరి", "ఏంటంటే", "సో" వంటివి పదేపదే దొర్లటం. ఇవి వక్తకు వినబడవు, శ్రోతకు మాత్రమే వినబడతాయి.
* చూపు: కాగితాన్ని, పైకప్పును, ఉపాధ్యాయుని మాత్రమే కాక తరగతి అంతటినీ చూడాలి. తెరపై చిత్రాలు చూపేటప్పుడు సభకు వీపు త్రిప్పి వాటినే చదవటం నేడు ఎక్కువగా కనిపించే దోషం. వ్రాసినది చూసి చదివేవానిని పాణినీయ శిక్ష ఏనాడో అధమ పాఠకులలో చేర్చింది.
* ముగింపు: "ఇంతటితో ముగిస్తున్నాను" అని హఠాత్తుగా ఆపివేయటం కాక, ప్రధాన విషయాన్ని ఒక వాక్యంలో గుర్తుచేసి ముగించటం మంచిది.

తరగతిలో నిర్వహణ

మొదట ఒక నిమిషం, తరువాత మూడు నిమిషాలు, అలవాటైన పిమ్మట ఐదు నిమిషాలు చొప్పున వ్యవధిని పెంచుతూ పోవాలి. రోజుకు ముగ్గురు నలుగురికి మించకుండా వంతులు వేస్తే శ్రోతలకు విసుగు కలగదు. తొలి వంతుకు తమకు బాగా తెలిసిన విషయాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ విద్యార్థులకే ఉండాలి. శ్రోతలందరూ అన్ని అంశాలనూ గమనించటం సాధ్యం కాదు గనుక ఒక వరుసకు ఆరంభం ముగింపులు, మరొక వరుసకు స్వరం వేగం, ఇంకొక వరుసకు ఉదాహరణలు అని పంచవచ్చును. ప్రసంగం పూర్తి అయిన వెంటనే ప్రతివారూ రెండు వాక్యాలు వ్రాస్తారు: ఒకటి నచ్చిన దాని గురించి, రెండవది మార్చుకోవలసిన దాని గురించి. ఆ తరువాత అదే వాక్యాన్ని తమకు అన్వయించుకొని తమ రాబోయే ప్రసంగంలో ఏమి మార్చుకుంటారో పుస్తకంలో వ్రాసుకుంటారు. ఈ చివరి మెట్టు లేకపోతే వినటం కేవలం తప్పులెన్నటంగా మిగిలిపోతుంది.

అభిప్రాయం చెప్పే విధానం

"బాగుంది", "బాగాలేదు" అనే మాటల వలన వక్తకు ఉపయోగం లేదు. "చెరువు కథ చెప్పినపుడు అందరూ తలలెత్తి చూశారు", "చివరి రెండు వాక్యాలు మూడవ వరుసకు వినబడలేదు" వంటి నిర్దిష్టమైన మాటలు ఉపయోగపడతాయి. ముందు మంచిని, తరువాత లోపాన్ని, చివర దానికి ఉపాయాన్ని చెప్పటం మర్యాద. వ్యక్తి యాసను, రూపాన్ని, దుస్తులను, ఇంటి పరిస్థితిని విమర్శించరాదు. శ్రీకాకుళం, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల మాండలికాలలో ఏదీ దోషం కాదు. స్పష్టత లేకపోవటమే దోషం.

ఈ పద్ధతిలో అన్నిటికంటె పెద్ద ప్రమాదం నవ్వు. తడబడిన పిల్లవానిని చూసి తరగతి ఒక్కసారి గొల్లున నవ్వితే, అతడు ఏళ్ళ తరబడి నోరు తెరవకపోవచ్చును. దానిని చూసిన మిగిలినవారు కూడా మాట్లాడకపోవటమే క్షేమమని నేర్చుకుంటారు. మంచి వలెనే భయం కూడా చూసి నేర్చుకొనేదే. అందువలన శ్రోతల ప్రవర్తనకు నియమాలు మొదటి ప్రసంగానికి ముందే ఏర్పరచాలి.

తెలుగు ప్రాంతాలలో

పాఠశాలల ప్రార్థనా సమావేశంలో వార్తలు చదవటం, సూక్తి చెప్పటం, స్వాతంత్ర్య దినోత్సవం, ఉపాధ్యాయ దినోత్సవం, బాలల దినోత్సవం సందర్భాలలో వక్తృత్వపు పోటీలు జరపటం తెలుగు ప్రాంతాలలో వాడుకలో ఉన్నాయి. అయితే పోటీలలో చొరవ గల కొద్దిమందే మళ్ళీ మళ్ళీ మాట్లాడుతుంటారు. మిగిలినవారు చప్పట్లకే పరిమితమవుతారు. ఇంజనీరింగ్ కళాశాలల ఆంగ్ల ప్రయోగశాలలలో విద్యార్థులు ఇచ్చిన అంశంపై ఒక నిమిషం మాట్లాడే "జామ్" అనే అభ్యాసం ఉన్నది. దీని పేరు బి.బి.సి. రేడియోలో 1967లో మొదలైన "జస్ట్ ఎ మినిట్" కార్యక్రమం పేరే. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారిలో కొందరికి నలుగురి ఎదుట మాట్లాడవలసిన మొదటి సందర్భం ఇదే అవుతుంది. అప్పుడు సభాకంపం, పరభాష అనే రెండు కష్టాలు ఒకేసారి ఎదురవుతాయి. పాఠశాలలోనే మాతృభాషలో మాట్లాడే అలవాటు కలిగితే మొదటి కష్టం చాలావరకు తొలగిపోతుంది.

పరిమితులు

సహాధ్యాయులు అందరూ ఒకే తప్పు చేస్తుంటే అదే ఒప్పుగా చలామణి కావచ్చును. స్నేహం వలన పొగడ్త, పోటీ వలన నింద కలగవచ్చును. అందువలన ఉపాధ్యాయుని పర్యవేక్షణ, అప్పుడప్పుడు అనుభవజ్ఞులైన వక్తలను వినే అవకాశం అవసరం. నత్తి వంటి ఇబ్బందులు గలవారిని బలవంతపెట్టక, వారికి ఎక్కువ సమయం, చిన్న బృందం కల్పించాలి.

ఇవి కూడా చూడండి

* వక్తృత్వం
* శిక్ష (వేదాంగం)
* అవధానం
* కట్టమంచి రామలింగారెడ్డి