త్రాగుడు మానువాని మొదటి నాలుగు దినములు

అప్పనపల్లి రేవున వైనతేయలో మునిగి, బాలబాలాజీస్వామి యెదుట “ఇక ముట్టను” అని ఒట్టు పెట్టుకొనుట మన సీమలో వింత కాదు. కార్తికమాసము వచ్చినంతనే మాల ధరించి, 41 దినములు కల్లును బ్రాందిని విడిచెదమని పూనుకొను రైతులును, కొబ్బరి దింపు పనివారును గ్రామగ్రామమున కలరు. ఆ సంకల్పము మెచ్చదగినది. త్రాగుడువలన వాయిదాలు చెల్లింపలేక తోటలు తనఖా పెట్టుకొనిన సభ్యుల సంగతి సంఘపు లెక్కలు చూచువారికి చెప్పనక్కరలేదు. కావున మానుటవలని లాభములను ఇచ్చట వర్ణింపబోము. మానిన మొదటి నాలుగైదు దినములలో శరీరమున ఏమి జరుగును, అందేది సహజము, ఏది ప్రాణాపాయము అను విషయము మాత్రము చెప్పదలచితిమి. ఇది తెలియనందువలననే, మంచి సంకల్పము చేసిన మనిషిని ఆ సంకల్పపు మూడవనాడే పోగొట్టుకొను ప్రమాదము కలదు.

ఈ హెచ్చరిక త్రాగువారందఱికిని కాదు. పండుగకో పెండ్లికో పుచ్చుకొనువాడు మానినచో శరీరమునకు వచ్చు బాధ యేమియు లేదు. ఏండ్ల తరబడి ప్రతిదినము అధికముగా త్రాగువాడు, తెల్లవారి లేచినంతనే కొంత పడనిదే చేయి కుదురుకొననివాడు, పూర్వము మానినపుడు ఫిట్సు వచ్చినవాడు, మతి తప్పినవాడు, వయస్సు మీరినవాడు, కాలేయపు జబ్బుగాని మరియొక జబ్బుగాని కలవాడు – వీరిని గూర్చియే మేము వ్రాయుచున్నాము. సారా, బ్రాంది, కల్లు అను భేదము ఇచ్చట లెక్కకు రాదు. కల్లు చెట్టునుండి దిగినదే కావచ్చును. అందలి మత్తుపదార్థము బ్రాందిలోనిదే.

ఒక యింటి సంగతి ఊహించి చూతము. ఇంటి యజమానునకు 45 ఏండ్లు. రెండెకరముల కొబ్బరితోట కలదు. 15 ఏండ్లుగా త్రాగుడు. ఆదివారము రాత్రి తొమ్మిదింటికి కడపటి గ్లాసు త్రాగి, సోమవారము ప్రొద్దున ఒట్టు పెట్టుకొనెను. ఆ పూటనే చేతులు వణకసాగెను; కాఫీ గ్లాసు పెదవులదాక రాదు. చెమట పట్టును, గుండె దడదడలాడును, కడుపులో త్రిప్పును. పైత్యమని యింటివారనుకొనిరి. కడపటి గ్లాసు తరువాత ఆఱెనిమిది గంటలకే మొదలగు ఈ వణకు సామాన్యముగా ఒకటి రెండు దినములు హెచ్చి, పిదప తగ్గును. పెక్కుమందికి కథ ఇంతటితోనే ముగియును. కొందఱకు మొదటి దినముననే ఎవరో పిలిచినట్లును, తిట్టినట్లును మాటలు వినవచ్చును. కాని తానెవ్వరో, ఎచ్చట నున్నాడో తెలిసియే యుండును.

మన యజమానునకు సోమవారము అర్ధరాత్రి ఫిట్సు వచ్చెను. దంతములు కఱచుకొని కొట్టుకొనెను. చుట్టుప్రక్కలవారు వచ్చి చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టిరి. ఇనుము పట్టించుటవలన ఫిట్సు ఆగదు. తనంతట తానే ఆగును. ఆ సమయమున చేయదగినది ఒక్కటే: మనిషిని ప్రక్కకు ఒత్తిగిలజేసి, నోట ఏమియు పెట్టక, దగ్గఱనున్న కత్తి, రాయి తొలగించి, వెంటనే వైద్యమునకు కొనిపోవుట. కడపటి గ్లాసు మొదలు రెండు దినములలోపల ఈ ఫిట్సు రావచ్చును. మునుపెన్నడును మూర్ఛ లేనివానికిని రావచ్చును. ఇట్లు ఫిట్సు వచ్చి వైద్యము లేనివారిలో పలువురు తరువాతి ఘట్టమునకు పోవుదురు.

మంగళవారము కొంచెము నెమ్మదిగానే యుండెను. గండము గడచినదని యింటిల్లిపాదియు ఊపిరి పీల్చుకొనిరి. మోసపోవునది ఇచ్చటనే. బుధవారము రాత్రి నిద్ర లేదు, ఒడలు కాలిపోవుచున్నది, దుప్పటిమీద లేని పురుగులను ఏఱుచున్నాడు. ఎప్పుడో గతించిన తండ్రితో మాటలాడుచున్నాడు. పెరటిలో కాయలు దింపినట్లే రాసి పోయుచు, లెక్కపెట్టుచున్నాడు. భార్యను చూచి “ఎవరు నువ్వు?” అనెను. అప్పుడు అత్తగారు, “గాలి సోకిందే అమ్మాయ్, ఆ మంత్రం వేసే ఆయనకి కబురంపు” అనిరి. కోడలు, “కాదండీ అత్తయ్యగారూ, ఒళ్లు పొయ్యిలా ఉందండి. ఆసుపత్రికే తీసుకెళ్దామండి” అనెను.

కోడలి మాటయే నిజము. ఇది గాలియు కాదు, పిచ్చియు కాదు. వైద్యులు దీనిని డెలీరియం ట్రెమెన్సు అందురు. థామస్ సట్టన్ అను ఆంగ్లవైద్యుడు 1813లో ఈ పేరు పెట్టెను. ఇది కడపటి గ్లాసు తరువాత రెండవ దినము మొదలు నాలుగవ దినమువఱకు తలయెత్తును. మానినపుడు బాధపడువారిలో నూటికి ఇంచుమించు అయిదుగురికి మాత్రమే ఈ స్థితి వచ్చును. కాని వచ్చినవారికి వైద్యము లేని పూర్వకాలమున మూడింట ఒక వంతుదాక మరణించుచుండిరి. సకాలమున ఆసుపత్రికి చేరినచో నేడు నూటికి తొంబదియైదుగురికి పైగా బ్రదుకుచున్నారు. ఇది త్రాగినందువలన వచ్చునా, మానినందువలన వచ్చునా యని వైద్యులలోనే చిరకాలము వాదము నడచెను. 1955లో అమెరికాలో ఇస్బెల్ అను వైద్యుడును అతని సహచరులును కొందఱకు వారముల తరబడి మద్యమిచ్చి, ఒక్కసారిగా నిలిపి పరిశీలించి, మానుటవలననే వచ్చునని స్థిరపఱచిరి. నేడైనచో అట్టి పరీక్షకు ఎవరును ఒప్పుకొనరు.

ఇట్లేల జరుగును? కావడిని తలచుకొనుడు. మద్యము మెదడును మందగింపజేయు బరువు. అది ప్రతిదినము కావడి ఒక తట్టున పడుచుండగా, ఒఱగిపోకుండుటకు మెదడు రెండవ తట్టున ఉద్రేకమను బరువును దినదినము చేర్చుకొనును. కొన్నేండ్లకు రెండు బరువులును సరితూగి, ఎంత త్రాగినను మనిషి నిలువుననే యుండును. లోకులు “వాడికి ఎక్కదు” అని మెచ్చుకొందురు. ఒకనాడు మొదటి తట్టను ఒక్కసారిగా తీసివేసినచో రెండవ తట్ట నేలకు విసరికొట్టును. ఆ విసురే వణకు, ఫిట్సు, మతిభ్రమ. రెండవ తట్టలోని బరువును దింపుకొనుటకు మెదడునకు కొన్ని దినములు పట్టును. ఆసుపత్రిలో డయాజిపాము, లోరాజిపాము మొదలగు మందులు ఇచ్చునది ఇందులకే: తీసివేసిన బరువునకు బదులు మరియొక బరువు పెట్టి, దానిని దినమునకు కొంత చొప్పున తగ్గించి, వారము పది దినములలో తీసివేయుదురు. ఈ మందులను అంగడిలో కొని ఇంటివద్ద ఇచ్చుట కూడదు. మోతాదు హెచ్చినను, వానితో మద్యము కలిసినను ఊపిరి ఆగిపోవును.

ఇందులకు మన తెలుగునాట జరిగిన నిదర్శనమే కలదు. తెలంగాణమున కొన్ని తావుల కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రజోలాము కలిపి అమ్ముచుండిరి. 2015 సెప్టెంబరులో ప్రభుత్వమువారు కల్తీకల్లుపై దాడులు జరుపగా, దానికి అలవాటుపడిన కూలీలు, స్త్రీలు, వృద్ధులు వణకుచు, మతి తప్పి, మూర్ఛలతో నిజామాబాదు, మహబూబ్‌నగరు, మెదకు జిల్లాల ఆసుపత్రులకు గుంపులుగా చేరిరి. కొందఱు మరణించిరి కూడ. కల్తీని పట్టుకొనుట న్యాయమే; పట్టుకొనిన మరునాడు త్రాగువారి శరీరములు ఏమగునో ముందుగా ఆలోచింపవలసి యుండెను.

పెద్దలకు జ్ఞాపకముండును. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలతో ప్రబలిన సారా వ్యతిరేకోద్యమము ఫలితముగా 1993 అక్టోబరు 1వ తేదీ నుండి సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో తొలగెను. అంతకు పూర్వము 1937లో సేలమున, 1938లో చిత్తూరు, కడపలలో మొదలైన మద్యనిషేధము 1948 నాటికి మదరాసు రాజ్యమంతటను వ్యాపించెను. ఈ చట్టములన్నియు దుకాణమునకు తాళము వేయుటను గూర్చి ఆలోచించినవి. తాళము పడిన రాత్రి ఇంటిలో వణకువానిని గూర్చి ఆలోచించినది తక్కువ.

2020 మార్చిలో కరోనా కారణమున దుకాణములన్నియు ఒక్కదినమున మూతపడినపుడు ఈ సంగతి లోకమునకు తెల్లమయ్యెను. హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకు త్రాగుడు నిలిచి బాధపడువారి రాక హఠాత్తుగా పెరిగిపోయెను. కేరళమున కొందఱు ఆత్మహత్య చేసికొనగా, వైద్యుని చీటీపై మద్యమిచ్చుటకు అచ్చటి ప్రభుత్వము ఉత్తరువు చేసెను. హైకోర్టు దానిని నిలిపివేసెను. అదే సంవత్సరము జులై కడపట ప్రకాశముజిల్లా కురిచేడులో మద్యము దొరకక చేతులు కడుగుకొను శానిటైజరు త్రాగి పదిమందికి పైగా మరణించిరి. వారు తెలివిలేనివారని తీసిపాఱవేయుట సులభము. శరీరము పెట్టు ఆ బాధను అనుభవించినవాడు అట్లనడు.

ఇక దీక్షను గూర్చి ఒకమాట. దీక్షను మేము ఆక్షేపించుట లేదు. దానివలన త్రాగుడు పూర్తిగా విడిచినవారును కలరు. కాని తెల్లవాఱుజామున చన్నీటిస్నానము, ఒంటిపూట భిక్ష, నేలపడక – ఇవి ఆరోగ్యవంతునకు తగును. వణకుచున్న త్రాగుబోతునకు మొదటి వారమున తగవు. మాల వేసికొనుటకు పదిదినములు ముందే వైద్యుని చూచి, మందులతో మాని, పిదప మాల ధరించుట మేలు. గురుస్వామికి సంగతి దాపరికము లేక చెప్పవలెను. వైద్యుని చూచువఱకు, పైన చెప్పిన లక్షణములు కలవాడు తనంతట ఒక్కసారిగా నిలుపరాదు. ఇది విన సొంపుగా లేకున్నను చెప్పక తప్పదు. “నిరుడు మాల వేసినప్పుడు ఏమీ కాలేదు” అను మాటను నమ్మరాదు. మాని, మరల మొదలిడి, మరల మానుచుండిన కొలది మెదడు మఱింత సులభముగా చెలరేగును. నిరుడు వణకుతో పోయినది ఈయేడు ఫిట్సుగా రావచ్చును.

కార్తికము సార్వా కోతల కాలము కూడ. మానిన మొదటి వారమున వానిని కొడవలి పట్టనీయకుడు, మోటారు వద్దకు పంపకుడు, పంటుమీద ఒంటరిగా ఏఱు దాటనీయకుడు. దింపు పనివానిని చెట్టెక్కనే ఎక్కనీయరాదు. నేలమీద వచ్చిన ఫిట్సునకు వైద్యము కలదు, చెట్టు మొవ్వున వచ్చినదానికి లేదు. వైద్యుడు ఎక్కుమను వఱకు ఒలుపు పనికిని దూరముగా నుంచి, ఎండుకొబ్బరి ఆరబెట్టుటవంటి తేలికపని ఈయవచ్చును. ఆ వారము వాయిదా అడుగుటకు మనిషిని పంపకుండుట సంఘమువారికి మర్యాద.

గ్రామమున జ్వరమునకును నీరసమునకును గ్లూకోజు సీసా ఎక్కించుట వాడుక. త్రాగుడు మానినవాని విషయమున ఇందొక ప్రమాదము కలదు. ఏండ్ల తరబడి అన్నము సరిగా తినక త్రాగినవాని ఒంట బీ-1 విటమిను, అనగా థయమిను, క్షీణించియుండును. బీ-1 ఈయక గ్లూకోజు మాత్రము ఎక్కించినచో మిగిలిన కొంచెమును ఖర్చై, కంటిచూపు చెదరి, నడక తూలి, జ్ఞాపకశక్తి శాశ్వతముగా చెడవచ్చును. కావున గ్లూకోజునకు ముందుగానో, దానితోపాటుగానో బీ-1 సూదిమందు ఇచ్చినారా యని వైద్యుని అడుగుడు. అడిగినందుకు కోపించు వైద్యుని విడుచుడు. ఈ లోపము తెలుగు తీరమునకు పాతచుట్టమే. బెరిబెరి వ్యాధి ఉత్తర సర్కారులలో ఎక్కువగా నుండుటను గూర్చి 1835లోనే మాల్కంసన్ అను వైద్యుడు మదరాసున గ్రంథము ప్రకటించెను. దంపుడు బియ్యము, ఉలవలు, పెసలు తినుటవలన బీ-1 లభించును. కాని మానిన మొదటి వారమున సూదిమందునకు అవి బదులు కాజాలవు.

ఇంటివారు చేయదగినవి కలవు. గదిలో రాత్రియు దీపముంచుడు. చీకటిలో నీడలు పురుగులై కనబడును. ఎఱిగినవారిద్దఱు తప్ప గుంపు చేరరాదు. మజ్జిగ, గంజి, కొబ్బరినీరు కొంచెము కొంచెముగా త్రాగింపుడు. లేని పురుగులను గూర్చి వాదింపకుడు, కట్టివేయకుడు. కత్తులును, ముఖ్యముగా పురుగుమందు డబ్బాలును ఇంట లేకుండ చేయుడు. ఫిట్సు వచ్చినను, మనుష్యులను గుర్తింపలేకపోయినను, లేనివి కనబడినను, జ్వరము వచ్చినను, మంచినీరును కడుపులో నిలువకున్నను తెల్లవాఱువఱకు ఆగరాదు. 108కి ఫోను చేయవలెను. అమలాపురము, రాజోలు ప్రభుత్వ ఆసుపత్రులలో చూపవచ్చును; కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసికవైద్య విభాగము కలదు. వైద్యునితో “ఎంత త్రాగును, ఎన్ని ఏండ్లుగా, కడపటిది ఎప్పుడు” అను మూడు మాటలు సిగ్గుపడక చెప్పుడు.

భర్తకు తెలియకుండ కూరలో కలుపుమని అమ్ము పొడుములను గూర్చి మన స్త్రీలకు వేఱుగా చెప్పవలసియున్నది. అట్టివానిలో డైసల్ఫిరాము ఉండవచ్చును. అది వైద్యుని పర్యవేక్షణలో, రోగి అంగీకారముతో వాడదగిన మందు. తెలియక తిని, ఆపై త్రాగినవానికి ముఖము ఎఱ్ఱనై, వాంతులై, రక్తపుపోటు పడిపోయి ప్రాణమే పోవచ్చును. దొంగతనముగా పెట్టరాదు.

అయిదాఱు దినములు గడచిన పిమ్మట వణకు పోవును, ఆకలి పుట్టును. నిద్ర మాత్రము వారముల తరబడి సరిపడదు. చిఱ్ఱుబుఱ్ఱులు, దిగులు, తీపిపై మక్కువ నెలలపాటు ఉండవచ్చును. త్రాగుకోర్కెను తగ్గించు నాల్‌ట్రెక్సోను, అకాంప్రోసేటు వంటి మందులు ఇప్పుడు కలవు. రాత్రివేళ దిగులు హెచ్చినపుడు మాటలాడుటకు 2022 అక్టోబరులో ఏర్పడిన టెలీమానస్ వారి 14416 నంబరునకు రుసుము లేకయే ఫోను చేయవచ్చును. తెలుగునందు మాటలాడువారు కలరు. మత్తు అలవాట్లకు వేఱుగా 14446 కలదు. ఈ మూడు నంబరులను గోడమీద బొగ్గుతో వ్రాసియుంచిన యింట, ఆ రాత్రి చదువురాని అత్తగారైనను మనుమనిచేత ఫోను చేయింపగలరు.